వంటిల్లు ఎంతవరకు మార్చాల? మన పొయ్యిల కథ



కెలవరపల్లి చుట్టుపక్కల ఊర్లలో పాత ఇండ్లు విప్పి కొత్తగా కట్టేది ఇప్పుడు ఎక్కువైంది. ఏ ఇంటికి పోయినా పెద్ద పేచీ వంటింటి దగ్గరే. బెంగళూరులో పని చేసే కొడుకు అంతా పీకేసి మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దామంటాడు. అవ్వ తన పొయ్యి జోలికి రావద్దంటుంది. మేస్త్రీ గ్రానైటు లెక్క చెప్తాడు. దినమూ మూడు పూటలా ఆ గదిలో నిలబడే కోడలు ఏమంటుందో మాత్రం ఎవరూ అడగరు.

దీనికి జవాబు అంగడోళ్లు ఇచ్చే రంగుల పుస్తకాల్లో దొరకదు. మన వంటిండ్లు ఎట్ల మారుతా వచ్చినాయి, ఏ మార్పు నిలిచింది, ఏది నిలవలేదు, ఎందుకు నిలవలేదు అని చూస్తే కొంత దొరుకుతుంది. అందుకే ఈ సారి రాజుల కథ, కోటల కథ పక్కన పెట్టి పొయ్యి కథ రాస్తా ఉన్నాము. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మొదట రాగులు. మన మోరసునాడు రాగి సీమ. ఎర్రనేల, వానను నమ్ముకొన్న సేద్యం, చెరువు కింద మాత్రం నాలుగు వడ్లు. 1799లో టిప్పు పడిపోయినాక కుంపిణీ దొరలు ఈ సీమ లెక్కలు తీయడం మొదలు పెట్టిరి. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మైసూరు సీమ తిరిగి, 1807లో అచ్చు వేయించిన పుస్తకంలో రాగి సేద్యం గురించి ఎంతో వివరంగా రాసినాడు. రాగికి ఒక గొప్ప గుణం ఉంది. పురుగు తొందరగా పట్టదు. నేలలో పాతర తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి మూసేస్తే ఏండ్లకేండ్లు చెడదు. కరువు వచ్చిన ఏడు పాతర తీసేది.

ఇక్కడ ఒకటి గమనించాల. మన పాత వంటిల్లు నాలుగు గోడల గది కాదు. పాతర ఇంటి ముందర, ఇసుర్రాయి నడవలో, రోలు వాకిట్లో, నీళ్ల తొట్టి పెరట్లో, పొయ్యి లోపల. వంట పని ఇల్లంతా పరుచుకొని ఉండె. ఇసుర్రాయి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడిని పట్టి తిప్పేది. అనపకాయల కాలంలో నానబెట్టిన గింజలు పితకడానికి నలుగురు చుట్టూ చేరేది. పని కష్టమే గానీ ఒంటరి పని కాదు.

లోపలి పొయ్యి సంగతి వేరు. మట్టి మిద్దెకు ఒక గవాచి, పెంకుటింటికి ఒక అద్దపు పెంకు, అంతే. పొగంతా ఇంట్లోనే తిరిగేది. ఆ పొగకు ఒక మేలు ఉండె. పొయ్యి పైన వేలాడదీసిన జొన్న కంకికి, సొర విత్తనానికి పురుగు పట్టేది కాదు, వాసాలకు చెదలు ఎక్కేది కాదు. విత్తనాలను కాపాడిన ఆ పొగే ఆడవాళ్ల కండ్లను, ఊపిరిని తినేసింది. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో లోకమంతటా సుమారు 32 లక్షల మంది చచ్చిపోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పాతకాలమే మేలు అనేవాళ్లు ఈ లెక్కను ఒకసారి చదవాల.

పొగ పోగొట్టాలని మన దేశంలో చాలా ముందే తలచిరి. వార్ధాలో గాంధీగారి మగన్‌వాడీ నుండి మగన్ చుల్హా వచ్చింది. మన తెలుగువాళ్లకు దగ్గరి కథ హైదరాబాదుది. అక్కడి ఇంజనీరింగు పరిశోధన ప్రయోగశాలలో ఎస్.పి. రాజు గారు పొగ రాని పొయ్యి ఒకటి చేసిరి. ఒకే మంట మీద వరసగా కుండలు పెట్టేటట్టు మట్టి పొయ్యి, చివర పొగగొట్టం. కోట్ల మంది ఇండ్లకు పొగ లేని వంటిల్లు కావాలని ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. ఆనకట్టలు, ఫ్యాక్టరీలే అభివృద్ధి అనుకొనే ఆ దినాల్లో ఒక ఇంజనీరు మట్టి పొయ్యి ముందర కూర్చొని ఆలోచించినాడంటే అది చిన్న మాట కాదు.

ఆమీద మనకు ఇంకా దగ్గర్లో, బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అమూల్య రెడ్డి గారు 1974లో ఆస్త్ర అని ఒక విభాగం మొదలు పెట్టిరి. పల్లెలకు పనికొచ్చే సైన్సు వాళ్ల పని. వాళ్లు చేసిందే ఆస్త్ర ఒలె. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. మూడు పాత్రలు ఒకే తూరి పెట్టొచ్చు, కట్టె తక్కువ, పొగ గొట్టంలో పోతుంది. 1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం ఒకటి పెట్టి, 2002 దాకా నడిపి, దేశమంతా కోట్ల పొయ్యిలు కట్టించింది.

కోట్ల పొయ్యిలు కట్టిరి గానీ అందులో చాలా పొయ్యిలు కొన్ని ఏండ్లకే మూలబడినాయి. ఎందుకు? లెక్క పొయ్యికి ఇంత అని ఉండె. కట్టినాక ఎవరూ తిరిగి చూడలేదు. గొట్టంలో మసి పేరుకొనె. పొయ్యి నోరు మన కుండకు సరిపోలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ పొయ్యి మీద ఏమి వండుతారు అని వండే మనిషిని అడగలేదు. బియ్యం ఉడికేదానికి చేసిన పొయ్యి మీద సంగటి కెలకమంటే కుదురుతుందా? సంగటికి కుండను కదలకుండా అదిమి పట్టుకొని, తెడ్డుతో ఒంటి బలమంతా పెట్టి కెలకాల. కొత్త పొయ్యి బీటలు ఇచ్చె. అవ్వలు మళ్లీ మూడు రాళ్లు పెట్టుకొనిరి.

ఆ తర్వాత వచ్చింది గ్యాసు. ఇండేన్ పేరుతో మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చిరి. అది మన పల్లెలకు చేరేదానికి ఒక తరం పట్టింది. తమిళనాడులో 2006 ఎన్నికల్లో ఇచ్చిన మాట మీద డీఎంకే ప్రభుత్వం పేదలకు ఉచితంగా గ్యాసు పొయ్యిలు ఇచ్చింది. 2011 సెప్టెంబరు 15న జయలలిత గారి ప్రభుత్వం ఉచిత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను పథకం మొదలు పెట్టింది. ఆంధ్రలో 1999లో దీపం పథకం వచ్చె. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చె. ఓట్ల కోసం ఇచ్చిరని తిట్టేవాళ్లు తిట్టనీ. పిండి రుబ్బే పని గంట నుండి పది నిమిషాలకు వచ్చింది, అది మామూలు మార్పు కాదు.

రుబ్బే యంత్రం మన రాష్ట్రంలోనే పుట్టింది. కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి అనే ఆయన మొదటి వెట్ గ్రైండరు చేసినాడంటారు. కోయంబత్తూరు గ్రైండరుకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది ఎందుకు నిలిచింది? రోలును పారేయలేదు, రోలుకే మోటారు తగిలించిరి. రాతి మీద రాయి తిరిగేది అట్లనే ఉండె, మనిషి చెయ్యి ఒకటే పక్కకు వచ్చె. పిండి రుచి మారలేదు, నడుము నొప్పి పోయె. మంచి మార్పు అంటే ఏమని ఎవరైనా అడిగితే మేము గ్రైండరును చూపిస్తాము.

ప్రెషర్ కుక్కరుకైతే మన ఊరే పుట్టిల్లు అన్నట్టు ఉంది. ప్రెస్టీజ్ కుక్కర్లు చేసే టీటీకే వాళ్ల ఫ్యాక్టరీ హొసూరు సిప్కాట్‌లోనే ఉంది. మన పిల్లోళ్లు ఎందరో ఆ పక్క ఫ్యాక్టరీల్లో పని చేసి ఇండ్లు కట్టిరి. ఆ కుక్కరులో అన్నం ఉడికె, పప్పు ఉడికె. సంగటి మాత్రం పెరట్లో మూడు రాళ్ల మీదనే ఉండిపోయె. ఇప్పుడు గ్యాసు మీద నీళ్లు మరిగించి, పిండి వేసి, గిన్నెను కిందికి దించి, కాళ్లతో అదిమి పట్టి కెలికే ఇండ్లు ఎన్నో. ఎత్తు గట్టు కట్టిన మేస్త్రీకి ఈ సంగతి తెలియదు.

ఇక నీళ్లు. వంటిల్లు అంటే పొయ్యి ఒక్కటే కాదు. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి, బెంగళూరు తూర్పు పక్కగా వచ్చి, మన కెలవరపల్లి డ్యాములో చేరుతుంది. బెంగళూరు మురుగు, ఫ్యాక్టరీల కలుషితం దాంతోనే వస్తాయి. వాన పడి గేట్లు ఎత్తినప్పుడు తెల్లటి నురుగు గుట్టలు గుట్టలుగా లేచేది మీరందరూ చూసిందే. దీనికి తోడు మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువ. అందుకే జపాను అప్పుతో హొగేనకల్ నీటి పథకం కట్టి 2013లో తెరిచిరి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే అది పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లు ఫిల్టరులో పట్టి, పప్పు ఉడకబెట్టేదానికి బోరు నీళ్లు పోసే ఇండ్లు మనలో ఉన్నాయి. ఇది గ్రానైటు రంగు కంటే వెయ్యి రెట్లు పెద్ద విషయం.

ఇప్పుడు కొంచెం దూరం పోదాము. ఈ మాడ్యులర్ కిచెన్ యాడ నుండి వచ్చింది? దాని ముత్తవ్వ జర్మనీలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ ఊర్లో పేద పనివాళ్లకు వేల ఇండ్లు కట్టాల్సి వచ్చె. 1926లో మార్గరెటె షుటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టమ్మ ఆ ఇండ్లకు ఒక వంటిల్లు గీసింది. సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. గట్టు, తొట్టి, పొయ్యి, అలమారాలు అన్నీ చేతికందే దూరంలో. ఎన్ని అడుగులు నడుస్తారు, ఎంత సేపు పడుతుంది అని లెక్కేసి గీసింది. అట్లాంటివి సుమారు పది వేలు కట్టిరి.

ఆమెకు మాదిరిగా నిలిచిన వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? రైలు బండిలో ఉండే వంట పెట్టె! మా బోటి రైల్వే గుమాస్తాలకు ఇది చదివితే నవ్వు వస్తుంది. డైనింగు కారులో ఇంత తావులో నిలబడి వంద మందికి వండి పెడతారు, ఇంట్లో మాత్రం ఎందుకు కాదు అనేది ఆ ఆలోచన. ఆలోచన మంచిదే. పని తగ్గింది, శుభ్రం వచ్చింది. అయితే రైలు వంట పెట్టెలో ఉండేది జీతానికి పని చేసే వంటవాడు. డ్యూటీ అయిపోతే దిగి ఇంటికి పోతాడు. ఇంటి ఆడమనిషి యాడికి పోతుంది? అంత ఇరుకు గదిలో రెండో మనిషికి నిలబడే తావు లేదు, బిడ్డ ఆడుకొనే తావు లేదు. ఆడవాళ్లను ఒంటరిగా పెట్టెలో పెట్టినట్టు అయిందని తర్వాతి తరం ఆడవాళ్లే ఆ వంటింటిని తప్పు పట్టిరి. గీసిన ఆమె కూడా అంతకు ముందు సంసారం నడిపి ఎరగనని తానే చెప్పుకొనింది. మన మెరుగైన పొయ్యిల కథ, ఆ జర్మనీ కథ ఒక తావున కలుస్తాయి. తెలివైనవాళ్లు, మంచి మనసుతో చేసిరి. వండేవాళ్లను పూర్తిగా అడగలేదు.

మనకు ఇంకో సంగతి కూడా ఉంది, అది జర్మనీవాళ్లకు లేదు. మాది తమిళ బడి చదువు. పుస్తకంలో 'సమైయలరై' అని రాసి, ఇంటికి వచ్చి వంటింట్లో కూర్చొనేవాళ్లము. తెలుగు అక్షరాలు మా తరంలో చాలామందికి పెద్దయినాక వచ్చినాయి. తెలుగు మాటలు మాత్రం పొయ్యి పక్కన వచ్చినాయి. దంచేది వేరు, విసిరేది వేరు, నూరేది వేరు, రుబ్బేది వేరు. వడ్లు దంచుతారు, రాగులు విసురుతారు, కారం నూరుతారు, పిండి రుబ్బుతారు. ఇప్పుడు ఈ నాలుగింటికీ ఒకటే మాట, 'మిక్సీకి వెయ్'. ఎసరు, వార్చేది, ఇగరబెట్టేది, అడుగంటేది, చెరిగేది, జల్లించేది, చిటికెడు, పిడికెడు, దోసెడు, సోలెడు, ఇవన్నీ ఏ బడిలోనూ మాకు చెప్పలేదు. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చినాక మన పిల్లోళ్లకు బడిలో తెలుగు ఇంకా సన్నబడింది. తమిళం నేర్చుకోవాల్సిందే, మేమూ దాంతోనే ఉద్యోగం చేసి బతికినాము. అయితే తెలుగుకు మిగిలిన బడి ఇల్లే. ఆ ఇంట్లోనూ టీవీ ముందర తెలుగు నేర్చుకొనేది లేదు. నలుగురు కూర్చొని చేతులతో ఏదో ఒకటి చేస్తా మాట్లాడే తావులోనే నుడి నిలుస్తుంది.

అట్లని పొగలో దగ్గుతా చెప్పిన కథలే మేలు అని మేము చెప్పడం లేదు. ఇసుర్రాయి తిప్పితేనే తెలుగు బతుకుతుందంటే, తిప్పేవాళ్లు ఎవరు? మగవాళ్లమా? కాబట్టి ఆడవాళ్ల నడుము మీద నుడిని మోయించొద్దు. మోయించకుండానే కాపాడుకొనే దారి ఉంది.

మా రైల్వే కథ ఒకటి చెప్తాము. ధర్మపురి నుండి హొసూరుకు 1913లో చిన్న గేజి రైలు వచ్చింది. 1941లో, యుద్ధ కాలంలో, ఆ పట్టాలు పూర్తిగా పీకేసిరి. సేలం బెంగళూరు మీటరు గేజి వచ్చే దాకా మనకు రైలు కూత లేదు. ఆ మీటరు గేజిని తర్వాత బ్రాడు గేజికి మార్చిరి. మార్చేటప్పుడు పట్టాలు కొత్తవి, స్లీపర్లు కొత్తవి, వంతెనలు బలపరిచిరి. దారి మాత్రం ఎక్కువ భాగం పాతదే. పీకేసేది ఒకటి, గేజి మార్చేది ఇంకొకటి. మన వంటింటికి కావాల్సింది రెండోది.

కాబట్టి మా మాట ఇది.

పూర్తిగా మార్చాల్సినవి నాలుగు ఉన్నాయి. ఒకటి పొగ. కట్టెల పొయ్యి లోపల ఉండకూడదు. రెండోది, గ్యాసు సిలిండరు ఉన్న గదిలో కట్టె మంట అసలు ఉండకూడదు. గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేల మీద పరుచుకొంటుంది, నేల మీది నిప్పును వెతుక్కొంటుంది. అందుకే గోడ అడుగున గాలి పోయే కంత ఒకటి విడవాల. మూడోది కరెంటు. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యి దగ్గర దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. బల్బు కోసం వేసిన పాత సన్న తీగ దాన్ని మోయదు. బోర్డు నుండి వేరే లైను, ఎర్తు, షాకు కొట్టకుండా ఆపే స్విచ్చు, ఇవి లేకుండా టైల్స్ అంటించొద్దు. నాలుగోది నీళ్లు. తాగేదానికీ వండేదానికీ ఒకే మంచి నీళ్ల కొళాయి, కడిగేదానికి వేరేది. దుడ్లు తక్కువైతే ఈ నాలుగూ చేసి ఆగిపోండి. గ్రానైటు, అద్దాల అలమారాలు వచ్చే ఏడు చూసుకోవచ్చు.

కొలిచి మార్చాల్సింది గట్టు. కంపెనీ కొలత అందరికీ సరిపోదు. వండే మనిషి నిలబడితే మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు ఉండాల. పొట్టి అత్త, పొడుగు కోడలు ఇద్దరూ వండే ఇంట్లో గట్టును రెండు ఎత్తుల్లో కట్టొచ్చు. ఖర్చు పెద్దగా పెరగదు.

ఉంచాల్సింది తావు. గదిలో ఒక పక్క నలుగురు చాప వేసుకొని కూర్చొనేంత నేల వదలండి. ఆ మూలనే ఒక మోకాలి ఎత్తు అరుగు కట్టి, గిన్నె కదలకుండా ఒక గుంత పెట్టిస్తే సంగటి అక్కడే కెలుక్కోవచ్చు. అనపగింజలు పితికేది, కొత్తిమీర తుంచేది, పిల్లోడు హోంవర్కు రాసేది, అవ్వ కథ చెప్పేది అన్నీ అక్కడే. పెరట్లో చిన్న చావడి వేసి, పొగగొట్టంతో ఒక కట్టెల పొయ్యి పెట్టుకోండి. పండగకు, పెండ్లికి, గ్యాసు అయిపోయిన దినానికి పనికొస్తుంది. రోలు, ఇసుర్రాయి వాడేవాళ్లుంటే వాడే తావున పెట్టండి. వాడేవాళ్లు లేకపోతే వాకిట్లో పెట్టి, ఇది రోలు, ఇది రోకలి, ఇది ఇసుర్రాయి అని మనవళ్లకు పేర్లయినా చెప్పండి. పూలకుండీ చేయడానికి ముందు పేరు చెప్పండి, అంతే.

ఇంజనీరును పిలిచే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో వండే వాళ్లను, అత్తయినా కోడలైనా కొడుకైనా, కూర్చోబెట్టి మూడు మాటలు అడగండి. యాడ నొప్పి పుడుతుంది? యాడికి ఎక్కువ తూర్లు నడుస్తావు? ఎవరు పక్కన ఉంటే బాగుంటుంది? మొదటి రెండు మాటలకు వచ్చే జవాబును మేస్త్రీకి చెప్పండి. మూడో మాటకు వచ్చే జవాబు మేస్త్రీ చేతిలో లేదు, ఇంట్లో ఉండే మన చేతిలో ఉంది.

మీ ఇండ్లల్లో ఇంకా వాడుకలో ఉండే వంటింటి మాటలు, సామాన్ల పేర్లు మాకు తెలిపితే ఒక పట్టీగా రాసి సంఘం పుస్తకంలో పెడతాము. అవ్వలను అడిగేదానికి ఆలస్యం చేయొద్దు.